రూల్ఫ్ చూపుడు వేలు

ఇది చిన్న కథ. మూకుట్లో ఒక వాయి ఓలిబోలన్ పిండి ఉండలు వేగేలోపు చెప్పేయొచ్చు. కానీ యాంతీనుస్ కన్ను సంగతి ముందు చెప్పకపోతే మిగతాది తెలియదు.

యాంతీనుస్ మా ఊళ్లో రొట్టెలు కాల్చి అమ్ముతాడు. కుడి కన్ను గోధుమ రంగు, ఎడమది నీలం. నీలంది గాజుది. "గోధుమ రంగుది రావడానికి ఆరు వారాలు పడుతుందన్నారు, ఆగలేకపోయాను" అంటాడు. ఆగలేకపోవడం ఆయనకి పుట్టుకతో వచ్చింది. అసలు కన్ను పోయిందీ అందుకే.

డిసెంబరు ముప్పై ఒకటిన మా డ్రెంతే పల్లెల్లో పాత పాల క్యాన్లని పొలంలో వరసగా పడుకోబెట్టి పేలుస్తారు. లోపల కార్బైడ్ ముక్కలు వేసి, నీళ్లు చల్లి, మూతికి బంతి బిగిస్తారు. క్యాను అడుగున చిన్న చిల్లు ఉంటుంది. గ్యాసు నిండేదాకా దాన్ని వేలితో మూసి, తర్వాత వేలు తీసి, కాగడా చూపించాలి. బంతి కాలవ దాటి పోతుంది. ఒక్కోసారి పేలదు. అప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన చుట్టాలు పరిగెత్తుకెళ్లి కొట్టం వెనక దాక్కుంటారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు మాత్రం ముందుకెళ్లి, బంతి దగ్గర మొహం పెట్టి, "ఏమైందే నీకు?" అని క్యానుని పలకరిస్తారు. యాంతీనుస్ కూడా అలాగే పలకరించాడు.

ఇక రూల్ఫ్ వేలు. ముప్పై ఏడేళ్ల క్రితం రూల్ఫ్ చిల్లు మూసి పట్టుకున్నాడు. తమ్ముడు బేరెంట్ తొందరపడి కాగడా తెచ్చాడు. క్యాను అడుగు ఊడిపోయింది, రూల్ఫ్ చూపుడు వేలు దానితోపాటు వెళ్లింది. మంచులో రెండు రోజులు వెతికారు. మూడో రోజు పొద్దున అదే వచ్చి వంటింటి కిటికీ తట్టింది. రూల్ఫ్ భార్య ఆల్చే కిటికీ తీసి, "కాళ్లు తుడుచుకుని రా" అంది. అలవాటుగా అనేసిందిలెండి.

డాక్టరు కుడతానన్నాడు గానీ, వేలు ఒప్పుకోలేదు. అప్పటి నుంచి ఊరంతా తిరుగుతోంది. పాస్టరు గారు మధ్యాహ్నం కునుకు తీసే వేళకి ఆయన ఇంటి గంట నొక్కుతుంది. ఆదివారం ఆదివారం త్రైంచే అనే ఆవిడ చల్లారబెట్టిన పుడ్డింగులో మునిగి లేస్తుంది. ఆవిడ భర్త పోయిన మనిషి, ఓపిక ఎక్కువ; పుడ్డింగు మీద గుంట చూసి నవ్వుకుంటుంది. రూల్ఫ్‌ని అడిగితే దిగాలుగా మొహం పెట్టేవాడు.

"నన్నేం చెయ్యమంటారు? అది ముట్టుకున్నదల్లా నాకు తెలుస్తుంది. చలీ, వేడీ అన్నీ తెలుస్తాయి. కానీ అది నా మాట వినదు."

ఊరు జాలిపడేది. బేరెంట్ మరీ జాలిపడేవాడు. తను చేసిన పనే కదా.

ఈసారి ముప్పై ఒకటి పొద్దున ఆల్చే పిండి కలుపుతోంది. కూతురు ఫెమ్కె నిలబడే కాఫీ తాగుతోంది. ముప్పై ఒక్కేళ్ల మనిషి. పాల ట్యాంకర్ నడిపే ఉద్యోగం కోసం రెండేళ్లు తిరిగితే ఇప్పటికి వచ్చింది. జనవరి రెండున మొదటి లోడు.

"ఈ ఏడు మానెయ్యకూడదుటే?" అంది ఆల్చే.

"మా ఇంటి క్యాను నేనే పేలుస్తానని అందరికీ చెప్పానమ్మా. మానేస్తే బేరెంట్ బాబాయ్ ఈస్టర్ దాకా ఏడిపిస్తాడు."

"ఏడిపించనీ. ఒంటి కన్నుతో ట్యాంకర్ ఇస్తారా నీకు?"

"అందుకేగా కళ్లద్దాలు పెట్టుకునేది!"

పేలుళ్లు వినబడకుండా చెవులకి దొప్పలు తగిలించుకుని వెళ్లింది. కళ్లద్దాలు పిండి డబ్బా పక్కనే ఉండిపోయాయి.

ఆల్చే వాటిని చూసేసరికి పొలంలో రెండు క్యాన్లు పేలాయి. కిటికీ గట్టు మీద వేలు పంచదార పొడి నాకుతోంది. అంటే, వేలు ఎంతవరకు నాకగలదో అంతవరకు. ఉన్నట్టుండి అది నిటారుగా లేచి, పొలం వైపు చూపించి, కిటికీలోంచి దూకేసింది. ఆల్చే పొయ్యి కట్టేసి, అద్దాలు పట్టుకుని, చేతులకి పిండితోనే పరిగెత్తింది.

గేటు దగ్గరికి వచ్చేసరికి మొత్తం కనిపించింది. మూడోది తమ క్యాను. పేలలేదు. వెనక బేరెంట్ ఫెమ్కె చేతిలో కాగడా తను అందుకుని వంగి, పట్టు వదలకుండా దాన్ని చిల్లుకి పొడుస్తున్నాడు. అతనికి క్యాను అవతల ఏముందో కనబడదు. అవతల ఫెమ్కె మోకాళ్ల మీద కూర్చుని, బంతికి జానెడు దూరంలో మొహం పెట్టి, క్యానుని పలకరిస్తోంది.

"ఫెమ్కే! లేవవే!"

అందరి చెవులకీ దొప్పలే. కాస్త దూరంలో మడత కుర్చీలో రూల్ఫ్ కూర్చున్నాడు. తుంటి నొప్పి, చప్పున లేవలేడు. అతనూ అరుస్తున్నాడు. ఎవరికీ వినబడలేదు.

చిల్లు మీద వేలు ఉంది. లోపలికంటా దూరి కూర్చుంది.

"తప్పుకోవోయ్! చెయ్యి వదిలినా మొండితనం వదల్లేదు నీకు!" అని బేరెంట్ దాన్ని కసురుకుంటూ మంట ఇంకా దగ్గరికి పెట్టాడు.

కుర్చీలో రూల్ఫ్ నాలుగు వేళ్ల చెయ్యిని గాల్లోకి ఎత్తి, మణికట్టుని రెండో చేత్తో బిగించి పట్టుకున్నాడు. మొహం కందిపోయింది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. చెయ్యి మాత్రం కదల్లేదు. ఎందుకో తలెత్తిన ఫెమ్కెకి నోరు తెరుచుకుని ఏడుస్తున్న తండ్రి కనబడ్డాడు. లేచి అటు పరిగెత్తింది.

ఆమె పది అడుగులు వేశాక వేలు చిల్లులోంచి బయటికి వచ్చింది. క్యాను పేలింది. ఫెమ్కె మొహం ఉన్న చోటు మీదుగా బంతి వెళ్లి, కాలవ దాటి, బీట్‌రూట్ తోటలో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఏడు అంత దూరం ఇంకెవరిదీ పోలేదు.

ఫెమ్కె దొప్పలు పీకేసి, తండ్రి ముందు కూలబడింది.

"నాన్నా, ఏమైంది?"

"వేలు కాలింది."

"మరి తీసెయ్యొచ్చుగా!"

"ఎలా తీస్తానే? నువ్వు అక్కడున్నావుగా."

ఫెమ్కె ఆ చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వేలు లేని చోటు వేడిగా ఉంది. బేరెంట్ కాగడా మంచులో గుచ్చి, క్యాను చుట్టూ తిరిగి వచ్చి, బంతి ఉన్న చోట మోకాళ్ల గుర్తులు చూశాడు. చూసి అక్కడే కూర్చుండిపోయాడు.

ఆల్చే కూడా వచ్చింది. కూతురి మొహం ఒకసారి తడిమి, పిండి అంటించి, అద్దాలు పెట్టింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఎలా తీస్తాను అంటే? తియ్యాలనుకుంటే తియ్యగలవా?"

రూల్ఫ్ కాలవ వైపు చూశాడు.

"అది నీ మాట వింటుందా?"

"ఈమధ్య కొంచెం వింటోంది."

"ఈమధ్య అంటే?"

"మొదటి నుంచీ."

"మరి త్రైంచే పుడ్డింగు?"

రూల్ఫ్ చాలాసేపు ఆలోచించాడు.

"బావుంటుంది" అన్నాడు.

రెండో తారీఖు పొద్దున ఫెమ్కె రెండు కళ్లతో ట్యాంకర్ ఎక్కింది. ఆల్చే రూల్ఫ్‌తో ఫిబ్రవరి దాకా మాట్లాడలేదు. వేలికి మాత్రం రోజూ రెండు పూటలా మందు రాసి కట్టు కట్టింది.