పూరీల వేళకొచ్చిన వెలుగు

"నాకు తెలుగు చదవడం రాదని తెల్సు కదా, హిందీ అక్షరాల్లోనే రాసియ్యి," అన్నాడు రాజేంద్ర షూ లేసులు కట్టుకుంటూ. "రెండు కాగితాలు చాలు. ఆ నార్తర్న్ లైట్స్ దగ్గర మాత్రం గట్టిగా రాయి. వినేవాళ్ళకి ఒళ్ళు జల్లుమనాల."

మర్నాడు ఆదివారం, బిలాస్‌పూర్ తెలుగు సంఘం వార్షికోత్సవం. అందులో అతను తమ నార్వే యాత్ర గురించి మాట్లాడాలి. ఫొటోలు అతనివి, గొంతు అతనిది, మాటలు తనూజవి. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళుగా అంతే. అతని లీవు లెటర్లు, లోకో షెడ్డులో రిటైరయ్యేవాళ్ళ సన్మానపత్రాలు, చివరికి మామగారి పెద్దకర్మ కార్డు కూడా ఆమె రాసినవే.

అతను డ్యూటీకి వెళ్ళాక టిఫిను ప్లేట్లు తీసి, అత్తగారు అప్పలనర్సమ్మకి మాత్రలిచ్చి, బియ్యం కడిగి పెట్టి తనూజ బల్ల దగ్గర కూర్చుంది. మొదటి కాగితం చకచకా సాగింది. రెండు నెలలు పొద్దు పొడవని చోటు, మిట్టమధ్యాహ్నం కాసేపు మాత్రమే కనిపించే నీలపు మసక, చేపల గుంపుల వెంట తీరానికి వచ్చే తిమింగలాలు, చలికాలం చీకట్లో చూపు ఆనడానికి కళ్ళు నీలంగా మారిపోయే రెయిన్‌డీర్లు. బయాలజీ టీచరుగా పిల్లలకి ఏటేటా చెప్పే పాఠమే. అసలు అక్కడికి వెళ్ళాలన్న కోరికే ఆమెది. పదిహేనేళ్ళు అడిగింది. "మంచు చూడ్డానికి అంత దూరమేటే, ఫ్రిజ్ తలుపు తీస్తే నేదా?" అని అత్తగారు నవ్వేది. తీరా బయల్దేరేసరికి ఆడపడుచు ప్రణీత, ఆమె భర్త జానకిరామ్ కూడా కలిశారు. హోటలు కాస్తా వంటిల్లున్న చెక్క ఇల్లయింది. "హోటల్ తిండి మనకి పడదు. తనూ ఉంది కదా," అన్నాడు రాజేంద్ర. ఆ ఒక్క మాటతో ఆ దేశంలో ఆమె చోటేదో తేలిపోయింది. బైనాక్యులర్స్ పెట్టుకుందామనుకున్న సూట్‌కేసులో కుక్కరు కూర్చుంది.

తిమింగలాల పడవకి టికెట్ ఆమెకీ ఉంది. ఆ పొద్దున ప్రణీతకి జలుబు చేసి ఒళ్ళు వెచ్చబడింది. ఒకరు తోడుండాలి. తోడబుట్టినవాడు బూట్లు తొడుక్కుంటూ తనూజతో, "ఆటో ఎక్కితేనే నీకు తల తిరుగుద్ది, పడవేటి? ఉండిపో. వచ్చేసరికి చారు వేడిగా ఉంచు," అన్నాడు. ప్రణీత సాయంత్రం దాకా పడుకునే ఉంది. తనూజ కిటికీలోంచి చూస్తూ గిన్నెలు తోమింది. పడవ వెళ్ళిన వైపు నీళ్ళు కూడా కనబడలేదు. వాళ్ళు తిరిగొచ్చి, నల్లటి రెక్కలు నీళ్ళని కోసుకుంటూ పోయే వీడియో చూపించారు. చారు తాగుతూ జానకిరామ్, "మిస్సయిపోయావు చెల్లెమ్మా," అన్నాడు, మిస్సవడం ఆమె పొరపాటయినట్టు.

మర్నాడు సాయంత్రం అయిదయింది, బయట కాటుక చీకటి. పొయ్యి మీద నూనె కాగుతోంది, పీట మీద పూరీలు ఒత్తుతోంది. బయట జానకిరామ్, ఆకాశంలో వెలుగొచ్చిందని కేకేశాడు. అందరూ పరుగెత్తారు. "నూనె చూసుకో, చెక్క ఇల్లు," అంటూ రాజేంద్ర కూడా వెళ్ళిపోయాడు. ఆమె పొయ్యి ఆపింది. చేతుల పిండి దులుపుకుని ఊలు సాక్సులు, మందపాటి ప్యాంటు తొడుక్కుంటూ ఉండగా తలుపు సందులోంచి అతని తల కనిపించింది. "తనూ, కెమెరా బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉంది, జల్దీ తే." ఛార్జింగ్‌లో లేదు. మంచం కింద లేదు. అతని సంచీ అడుగున సాక్సుల్లో దొరికింది. పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి ముగ్గురూ బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి వస్తున్నారు. ఆకాశంలో మబ్బు తప్ప ఏమీ లేదు.

"అయిపోయింది. ఫోన్‌తో తీశాలే, నిదానంగా చూద్దువు," అన్నాడు. "ముందు పూరీలు వెయ్యి. చలికి ఆకలేస్తంది."

వేసింది. అదే ఆమెకి ఇప్పటికీ మింగుడుపడదు. పొంగినవి పొంగినట్టు, ముప్ఫై పూరీలు వేసింది. మిగిలిన మూడు రోజులూ గంటగంటకీ బయటికెళ్ళి నిలబడింది. మబ్బు వీడలేదు.

ఇప్పుడా వెలుగు ఎలా ఉందో ఆమే రాయాలి. అతనికి ఫోను చేసి అడిగింది.

"ఎలాగేటి? గ్రీన్‌గా. అలా అలా కదిలింది. నెట్‌లో చూసి రాసెయ్. అచ్ఛా, నువ్వు చూసి ఏడ్చేశావని కూడా రాయి. బాగుంటాది."

తనూజ ఫోను పెట్టేసింది. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది, ఆగింది. రెండో కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. హిందీ అక్షరాల్లో కాదు, తెలుగులో. కొట్టివేతలు లేకుండా అడుగు దాకా రాసింది.

రాత్రి అన్నాల దగ్గర రెండు కాగితాలూ ఇచ్చి, "ఒకసారి చదువుకోండి," అంది. అతను మడిచి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున మళ్ళీ చెప్పింది. "నువ్వు రాసిందాన్ని చూసేదేటుంది," అన్నాడు. మెచ్చుకుంటున్నాననుకున్నాడు.

హాలు నిండింది. మొదటి కాగితం అతను బాగా చదివాడు. రెయిన్‌డీర్ల నీలి కళ్ళ దగ్గర చప్పట్లు కూడా పడ్డాయి. తెర మీదికి ఆకుపచ్చ ఆకాశం వచ్చింది. అతను కాగితం తిప్పాడు. ఆగాడు.

"ఇదేటి, తెలుగులో ఉంది," అన్నాడు మైకులోనే. కొందరు నవ్వారు. అతని చూపు వరసల్లో ఆమెని వెతుక్కుంది.

తనూజ లేచింది. పక్కనున్న అత్తగారు మణికట్టు పట్టుకుంది. "కూకో. అందరి ముందూ వాడి పరువేటి కావాల?"

"కాగితం చదివి వచ్చేస్తానత్తయ్యా," అని మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

వేదిక ఎక్కి అతని చేతిలోంచి కాగితం తీసుకుంది. అతని కళ్ళు కాగితం మొదటి పంక్తి మీద పాకాయి. అక్షరాలు రాకపోయినా, ఆమె ముఖం చూసి ఏదో అర్థమైంది కాబోలు, మైకుని అరచేత్తో మూసి, "చాల్లే, నేను చెప్పేస్తాను, నువ్వెళ్ళు," అన్నాడు.

ఆమె మైకు అడగలేదు. క్లాసులో చివరి బెంచీ దాకా వినిపించే గొంతుతో చదివింది.

"ఈ వెలుగు నేను చూడలేదు. ఇది వచ్చినప్పుడు వంటింట్లో ఉన్నాను. ఎందుకున్నానో ముందు అది చెప్తాను."