అక్క విప్పుకొచ్చిన కాలింగ్ బెల్లు

ఒక్కచోట నిలబడి మాట్లాడడం చేతకాదు కాబట్టి ఆమెకు బొంగరం అనే పేరు స్థిరపడిపోయింది. పగలు కళ్లజోళ్ల దుకాణంలో ఉద్యోగం. సాయంత్రాలు కాఫీ షాపుల్లోనూ కాలేజీ హాళ్లలోనూ మైకు పట్టుకుని ఐదేసి నిమిషాలు నవ్వించడం. కొన్నేళ్లు అలా తిరిగాక ఒక చిన్న నాటకశాలవాళ్లు, "గంటసేపు నువ్వొక్కదానివే కథ చెప్పగలవా?" అని అడిగారు. వరసగా కొన్ని ఆదివారాలు, మధ్యాహ్నం ఆట.

ఆ గంటలో సగం అక్క కథే. మొగుడితో తెగతెంపులు చేసుకుని ఇల్లు వదిలిన రోజున, అక్క తాను కొన్న కాలింగ్ బెల్లును గోడ నుంచి విప్పి సంచిలో వేసుకొచ్చేసింది. ఇక ఆ ఇంటికి ఎవరొచ్చినా తలుపు బాదుకోవలసిందే. కాఫీ షాపుల్లో ఆ బాదుడు బొంగరం అభినయించి చూపిస్తే జనం పొట్టలు పట్టుకునేవారు.

మొదటి ఆట నాటి పొద్దున అక్క ఫోన్ చేసింది.

"పోస్టరు చూశానే. అందులో నేనున్నానా?"

"కొంచెం ఉన్నావక్కా."

"కొంచెమంటే?"

"ఒక అరగంట."

"మా ఆఫీసువాళ్లు వస్తామంటున్నారు. నన్ను తీసెయ్."

ఫోన్ పెట్టేసింది. మధ్యాహ్నం తెర వెనక ఇరుకు గదిలో అటూ ఇటూ తిరుగుతూ, ఆ ఖాళీని దేనితో పూడ్చాలో తోచక బొంగరం గోళ్లు కొరికేసింది. వేదికెక్కాక కళ్లజోళ్ల జోకులు ఎంత సాగదీసినా చాలలేదు. ముందు వరసలో ఒకాయన ఆవులించాడు. గంట నిండకుండానే నమస్కారం పెట్టేసింది.

బయట వరండాలో అక్క నిలబడి ఉంది, చుట్టూ ఆఫీసు స్నేహితురాళ్లు.

"ఏమే, నేనెక్కడ?"

"నువ్వే కదా తీసెయ్యమన్నావు!"

"అంటే మాత్రం? ఒక్కసారైనా బతిమాలతావనుకున్నాను."

"ఇంతకీ ఏమిటండీ ఆ కథ?" అంది స్నేహితురాలొకావిడ.

అక్క హ్యాండ్‌బ్యాగు చంకన పెట్టుకుని, గొంతైనా పెంచకుండా చెప్పింది.

"బెల్లు నాకు అందలేదు. కుర్చీ వేసుకున్నాను. దానికి ఒక కాలు పొట్టి, ఊగుతోంది. ఆయన వచ్చి రెండు చేతులా కుర్చీ పట్టుకున్నాడు. 'చూసుకో, పడతావు' అన్నాడు. కాపురం చేసినన్నాళ్లూ ఒక్క పనికి చెయ్యి వెయ్యని మనిషి, నేను వెళ్లిపోతుంటే సాయం పట్టాడు."

అందరూ పకపకా నవ్వారు. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

బొంగరానికి కడుపు మండిపోయింది. "ఇది నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడిగితేగా! బెల్లు అనగానే లేచి తలుపు బాదడం మొదలుపెట్టావు."

"వాడుకోనా?"

"వాడుకో. కానీ ఆయన్ని వెధవని చెయ్యకు. కుర్చీ గట్టిగానే పట్టుకున్నాడు."

తరవాతి ఆదివారం బొంగరం ఉన్నదున్నట్టు చెప్పింది. నవ్వారు. ఆ వెంటనే హాలు మూగబోయింది. నవ్వు లేని హాలంటే ఆమెకు ప్రాణసంకటం. ఓర్చుకోలేక ఒక జోకు విసిరేసింది. మళ్లీ నవ్వారు గానీ, ఏదో చేజారిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. వారమంతా దుకాణంలో ఎవరి ముక్కుకు ఏ ఫ్రేము పెడుతోందో తెలియకుండా గడిపింది.

ఆపై ఆదివారం, కథలో ఆయన కుర్చీ పట్టుకునే దాకా వచ్చి, మైకు స్టాండును రెండు చేతులా పట్టుకుని ఆగింది. ఎవరో దగ్గారు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. కాళ్లు పరుగెత్తమంటున్నాయి. నాలుక చివరిదాకా వచ్చిన జోకును మింగేసింది. ఇంకాసేపు ఆగి, "తరవాత మా అక్క బస్సెక్కింది" అని కథ ముందుకు నడిపింది.