ఈశాన్యంలో ఇనుము

మా గిన్నెలు తోమే మిషను నాకు షాక్ కొడుతోంది. ఈ మాట మా ఇంట్లో నేను చెప్పని మనిషి లేరు, నమ్మిన మనిషీ లేరు.

పొద్దున్నే స్నానం చేసి, తడిచీరతో మడి కట్టుకుని, దేవుడి గిన్నెల కోసం ఆ స్టీలు తలుపు మీద చెయ్యి వేస్తానా, మోచేతి దాకా జివ్వుమంటుంది. నా కేక విని మా వారు గౌరీశంకరం గారు పేపరు మడుచుకుంటూ వంటింట్లోకి వస్తారు. మిషను మీద అరచెయ్యి ఆనించి, "ఏదీ? ఏం లేదే!" అంటారు. రిటైరైన లెక్కల మేష్టారాయన. తనకు రుజువు కానిది లోకంలో లేనట్టే లెక్క.

మా అబ్బాయి ఫణి ఇంకో రకం. తెనాలి నుంచి రోజూ రైల్లో బాపట్ల వెళ్ళి ఉద్యోగం చేసి వస్తాడు, వచ్చేసరికి విసుగంతా మోసుకొస్తాడు. "మిషను ఇష్టం లేకపోతే లేదని చెప్పమ్మా. షాకులని కథలెందుకు?" అన్నాడు ఒకరోజు.

ఒళ్ళు మండిపోయింది. అసలు ఆ మిషను కావాలని అడిగిందే నేను. అంట్ల సబ్బు పడక నా వేళ్ళ సందులు చిట్లిపోయి, చింతపండు పిసికితే ప్రాణం పోయేది. కోడలు హరిచందనా నేనూ కొట్టుకు వెళ్ళి మరీ ఎంచుకున్నాం. వచ్చిన కొత్తలో చక్కగా పనిచేసింది. వేళ్ళు మానాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత నొప్పి లేకుండా పూలు మాల కట్టుకున్నాను. అలాంటి మిషను మీద నేనెందుకు కథలు అల్లుతాను?

ఈ షాకుల గొడవ మొదలయ్యేసరికి ఇంట్లో ఇంకో గొడవ అప్పుడే ముగిసింది. ఫణికి తెనాలి బదిలీ రావడం లేదని మా వారు ఒక వాస్తు ఆయన్ని పిలిపించి, చెప్పినచోటల్లా పెరడు తవ్వించారు. ఇక ఇంట్లో ఏ దోషమూ లేదని ఆయన నిశ్చింతగా ఉన్నారు. దోషమంతా నాలోనే మిగిలింది కాబోలు.

కంపెనీ నుంచి దుర్గాశ్రీనివాస్ అనే మెకానిక్ వచ్చాడు. సరాసరి బూట్లతో వంటింట్లోకి నడిచాడు.

"వంటింట్లోకి బూట్లేంటి నాయనా?"

"రూలండి అమ్మగారూ. విప్పితే మా సార్ ఊరుకోరండి."

మిషను వెనక రేకు విప్పి హీటరు చూశాడు, పంపు చూశాడు, మీటరు పెట్టి వైర్లన్నీ చూశాడు. తలుపు దగ్గర స్విచ్చి ఒకటి మార్చి, తనే తడిమి చూసి, "ఇంక ఏం రాదండి" అని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున మళ్ళీ జివ్వుమంది.

ఈసారి మిషను ట్రాలీ ఆటో ఎక్కి బాపట్ల వెళ్ళింది. అక్కడ వాళ్ళ షెడ్డులో ఉన్నన్నాళ్ళూ దానికి ఏ రోగమూ లేదు. ఫణి ఆఫీసు నుంచి వెళ్ళి, పట్టుకుని చూసి, "బంగారంలా ఉంది" అని ఫోన్ చేశాడు. బంగారం ఇంటికొచ్చింది. నన్ను మాత్రం కొట్టింది.

చివరికి ఇంట్లో తీర్మానం జరిగింది. మిషనుని రేపల్లె పంపేయాలి, కోడలి పుట్టింటికి. "అత్తయ్యా, మీకు ఏదైనా అయితే నేను తట్టుకోలేనండి" అంది హరిచందన. ఆ పిల్ల ఒక్కతే నన్ను సగమైనా నమ్మింది. కానీ మిషను పోతే సబ్బు, పీచు, చిట్లిన వేళ్ళు మళ్ళీ నావే. బియ్యం కడుగుతూ ఏడ్చాను.

శనివారం సాయంత్రం సామాన్లు సర్దుతూ మంచం పక్కన మా వారి చెప్పులు చూశాను. మడమ నొప్పులకని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆయన ఇంట్లోనూ, వంటింట్లోకి వచ్చినా మెత్తటి చెప్పులు వేసుకునే ఉంటారు. ఆయన్ని చూసి కొడుకూ కోడలూ మొదలుపెట్టారు. చెప్పుల్లేని కాళ్ళు ఈ ఇంట్లో నావే. మెకానిక్ కూడా బూట్లు విప్పలేదు కదా! మడి సంగతి రేపు చూసుకుందామని ఆ చెప్పులు తొడుక్కుని మిషను పట్టుకున్నాను. ఏమీ లేదు.

ఆదివారం పొద్దున ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. మిషను విప్పి, రేపల్లెలో బిగించడానికి దుర్గాశ్రీనివాస్ కూడా వచ్చాడు.

"ఆగు నాయనా," అని మా వారి వైపు తిరిగాను. "చెప్పులు విప్పండి."

"ఎందుకూ?"

"విప్పండి. ఆ తడి గచ్చు మీద నిలబడి పట్టుకోండి."

ఆయన నవ్వుతూ విప్పారు, నవ్వుతూనే చెయ్యి వేశారు. "అమ్మో!" అని ఎగిరిపడ్డారు. చేతిలో పేపరు సింకులో పడింది. జాలి వేయలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

దుర్గాశ్రీనివాస్ గబగబా టెస్టరు తీసి స్టీలు తలుపుకి ఆనించాడు. టెస్టరులో బుల్లి దీపం వెలిగింది. "ఇంకెవరూ ముట్టుకోకండి," అని ప్లగ్గు పీకేశాడు. "మిషను తప్పు కాదండి. మీ ఇంటికి ఎర్త్ అందట్లేదు, లీకైన కరెంటు భూమిలోకి పోయే దారి లేదు. మా షెడ్డులో ఎర్త్ ఉంది కాబట్టి అక్కడ తెలియలేదు. మీ ఎర్త్ గొయ్యి ఎక్కడండి మేష్టారూ?"

మా వారు పెరట్లోకి నడిచారు. వెనకే మేమూ వెళ్ళాం. ఈశాన్యం మూల నేల చదునుగా, శుభ్రంగా ఉంది.

"ఇక్కడే ఉండేది," అన్నారు సన్నగా. "ఈశాన్యంలో ఇనుము, బొగ్గు పాతిపెట్టడం దోషమన్నాడు వాస్తు ఆయన. తవ్వి తీయించాను."

"తీసిన ఇనుప గొట్టం ఏదండి?"

నేనే చెయ్యెత్తి చూపించాను. నైరుతి మూల రెండు గుంజల మీద అడ్డంగా కట్టి ఉంది. దాని మీదే నా మడిచీర ఆరుతోంది.

ఫణి తల వంచుకున్నాడు. హరిచందన నా చెయ్యి పట్టుకుంది. మా వారు మాత్రం గొంతు సవరించుకుని, "అంత షాక్ కొడుతుంటే కాస్త గట్టిగా చెప్పొద్దుటే కనకం?" అన్నారు.

నేను వాకిట్లోకి వెళ్ళి ఆటో అబ్బాయితో చెప్పాను.

"మిషను రావట్లేదు నాయనా. రేపల్లె దాకా ఖాళీగా ఎందుకు, ఈయన్ని ఎక్కించుకుపో."