పేరు లేని బండ

మట్టిగంప దించిన ప్రతిసారీ మహాదేవమ్మ చెవి ఉలి చప్పుడు మీదే ఉండేది. చప్పుడు ఆగిందంటే బొజ్జన్న బండ మీద ఒక పేరు చెక్కడం ముగించి, ఇంకో పేరు అందుకుంటున్నాడని అర్థం. ఆ ఇంకో పేరు లక్ష్మన్నదేమోనని ఆమె భయం.

లక్ష్మన్న ఆమె పెనిమిటి. పెద్ద యుద్ధంలో సిపాయిగా బర్మాకు పోయి తిరిగి రాలేదు. చచ్చాడన్న కబురూ రాలేదు. అందుకే ఇన్నేళ్లూ ఆమె నుదుట కుంకుమ, చేతులకు గాజులు నిలిచాయి. రాతి మీద పేరెక్కిందంటే ఊరి పెద్దలు ఊరుకోరు. వంకగట్టున కూర్చోబెట్టి గాజులు పగలగొట్టిస్తారు.

కర్నూలు రాజధాని అయిన హుషారులో తుంగభద్ర ఒడ్డున పార్కు వేస్తున్నారు. అందులో యుద్ధంలో పోయినవాళ్లకు గుర్తుగా ఒక కట్టడం. దాన్ని గీసిన సుందరం మద్రాసులో చదువుకున్నవాడు, మెత్తని మనిషి. విగ్రహం వద్దన్నాడు, ఫిరంగి వద్దన్నాడు. గుండ్రంగా నడుమెత్తు గోడ, గోడకు నల్లటి కడప బండలు, ఎదురుగా అరుగు, చుట్టూ వేపమొక్కలు. వచ్చినవాళ్లు మాట్లాడకుండా కాసేపు కూర్చుని పోవాలంటాడు. మాట్లాడకుండా కూర్చునే కర్నూలు మనిషిని ఆయన ఎక్కడ చూశాడో గాని, ఆ మాట మహాదేవమ్మకు నచ్చింది.

మధ్యాహ్నం కూలీలు సద్దిమూటలు విప్పుతుంటే ఆమె సుందరం ముందుకు పోయి నిలబడింది.

"మా ఇంటాయన పేరు చెక్కొద్దు సార్. ఆయప్ప సచ్చిపోయినాడని ఎవురూ జూడలేదు."

"పేరు లేకపోతే ఎవరికి గుర్తుంటాడమ్మా?"

"నాకుంటాడు సార్."

సుందరం బొజ్జన్నను పిలిచి, చివరి బండను నున్నగా వదిలేయమన్నాడు. ఆచూకీ తెలియనివాళ్లందరికీ అదే గుర్తన్నాడు. మహాదేవమ్మ ప్రాణం కుదుటపడింది.

పొద్దు వాలేవేళకు అత్త ఉరుకుందమ్మ కర్ర పొడుచుకుంటూ, చంకలో చిన్న గుడ్డమూటతో ఊరి నుంచి వచ్చింది. ఆమెకు చూపు లేదు. పేర్లు చెక్కుతున్నారని బండివాడెవడో చెప్పాడట.

"నా కొడుకు పేరు యాడుండాదే? ఒక్కసారి తడిమి పోతా."

మహాదేవమ్మ అత్త చేయి పట్టుకుని నున్నటి బండ మీద పెట్టింది. ముసలామె అటూ ఇటూ తడిమింది.

"అచ్చరాల్లేవే! పేరు గూడా మిగల్లేదా నా బిడ్డకు?"

ఆ గొంతు విని కోడలు తట్టుకోలేకపోయింది. ఏం జరుగుతుందో తెలిసి కూడా అత్త చేతిని పక్క బండకు జరిపింది. దాని మీద ఉన్నది కడప జిల్లావాడెవడో హనుమన్న అనే అతని పేరు.

"ఈడ, అత్తా."

ఉరుకుందమ్మ గోడ పక్కన చతికిలబడి, ఆ అక్షరాల గుంటల్లో వేలు పెట్టి, పసిబిడ్డ ముఖం తడిమినట్టు తడిమింది. కోడలి కోసం ఇన్నేళ్లూ దిగమింగిన ఏడుపంతా అక్కడ ఏడ్చింది. మహాదేవమ్మ చేతులు కొంగు కింద దాచుకుని నిలబడింది.

ఏడ్చి ఏడ్చి ముసలామె లేచింది. కోడలి చేతులు వెతికి పట్టుకుని గాజులు ఒక్కొక్కటే తాకింది. మహాదేవమ్మ భయంతో కళ్లు మూసుకుంది.

"ఊర్లో అడిగితే పేరు లేదనే చెప్తా. ఇవి అట్లే ఉండనీ."

కర్ర చప్పుడు దూరమైంది. హనుమన్న పేరు కింద, ముసలామె వదిలిపోయిన పాత గుడ్డలో, కారం పూసి మడిచిన జొన్నరొట్టె ఉంది, ఇంకా మెత్తగానే.