ఇఫ్తార్ లేని ఉపవాసం

నేను ఒక సన్నాయిని. గుడి ధర్మకర్తలు, రేడియోవాళ్ళు నన్ను నాదస్వరం అంటారు. ఆ మాట చెవిన పడితే నాకు కాస్త ఒళ్ళు పొంగుతుంది, ఎందుకు దాచుకోవాలి. కానీ నన్ను రోజూ నోట పెట్టుకునే మౌలాలి ‘సన్నాయి’ అనే అంటాడు కాబట్టి మనమూ అలాగే అనుకుందాం. పెద్ద నోరున్నదాన్ని, కడుపులో మాట దాగదు. అలాంటి నేను ఈ మధ్య ఒక నెలంతా, చేతులే లేకపోయినా, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాను. ఆ సంగతే చెబుతాను.

నా పుట్టుక ఒక పాత ఇంటి దూలంలోంచి. తమిళనాట ఎవరో ఇల్లు పడగొడితే ఆ దూలం కొని తెచ్చుకున్నారు. సన్నాయికి పచ్చి చెక్క పనికిరాదట. ఏళ్ళ తరబడి వంటింటి పొగకీ వేసవి ఎండకీ ఆరి ఆరి, ఒంట్లో తడి అన్నది మిగలని చెక్క కావాలట. నన్ను తొలిచి, వేళ్ళకి రంధ్రాలు పెట్టి, కింద గరాటు బిగించి, పైన రెల్లు పీక గుచ్చి మొదటిసారి ఊదినప్పుడు నేనే ఉలిక్కిపడ్డాను. అంత గొంతు నాలో ఉందని నాకేం తెలుసు?

చిలకలూరిపేట పక్కన ఒక ఊళ్ళో ఉండే ఆదం సాహెబు నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ వైపు సాయిబుల ఇళ్ళలో సన్నాయి విద్య తరతరాలుగా ఉంది. పొద్దున్నే నమాజు చేసుకుని, పంచె కట్టుకుని వెళ్ళి గుళ్ళో సుప్రభాత సేవకి వాయించి వస్తారు. ఇందులో వింత ఏముందో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు. పరాయి ఊరివాళ్ళే నోరెళ్ళబెడతారు. ఆదం సాహెబుకి కిళ్ళీ అలవాటు. పళ్ళు ఒక్కొక్కటే ఊడి పెదవి పట్టు తప్పాక, తన పాటంటే చెవి కోసుకునే ఒక వకీలుకి నన్ను జ్ఞాపకంగా ఇచ్చేశాడు. ఆ వకీలు నన్ను హాల్లో గోడకి మేకు కొట్టి తగిలించి, ప్లాస్టిక్ దండ వేశాడు. వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించేవాడు. ఒక్కడూ ఊదలేదు. నా గరాటులో సాలీడు కాపురం పెట్టింది. గౌరవం అంటే ఇదే అయితే ఆ గౌరవం పగవాళ్ళకి కూడా వద్దనుకున్నాను. చివరికి ఇంటికి వెల్ల వేయిస్తూ వకీలు భార్య, గృహప్రవేశానికి వాయించిన పరిచయంతో మౌలాలిని పిలిచి, “ఇది నీ దగ్గరుంటేనే బాగుంటుందయ్యా” అని చేతిలో పెట్టింది. ఆ మహాతల్లి చల్లగా ఉండాలి.

మౌలాలి ఊపిరి గట్టిది. కానీ ఊపిరి నాలోకి వచ్చిందంటే అందులో ఏముందో నాకు తెలిసిపోతుంది. ఈయన ఊపిరిలో ఎప్పుడూ రెండే ఉండేవి, బీడీ పొగ, చక్కెర పాకం. తప్పు ఆయన ఒక్కడిదీ కాదు. పెళ్ళిళ్ళలో మేళగాళ్ళని ఆఖరి పంక్తిలో కూర్చోబెడతారు. అప్పటికి కూరలు అడుగంటుతాయి గానీ లడ్లకీ మైసూరుపాకులకీ లోటుండదు. “తినవయ్యా సాయిబూ, మొహమాటపడకు” అని వడ్డిస్తూనే ఉంటారు. పాటకీ పాటకీ మధ్య పాకంలాంటి టీ, టీ గ్లాసు చేతిలో ఉండగానే బీడీ. ఆ జంటని విడదీయడం ఎవరి తరమూ కాలేదు. బెత్తెడు కూడా లేని బీడీ నాకు సవతి అయి కూర్చుంది.

ఎండాకాలం ఒక ఊరేగింపులో కొత్త చెప్పులు ఒరిసి ఆయన కుడికాలి చిటికెన వేలు పుండు పడింది. నొప్పి తెలియలేదు. ఆ కాలికి స్పర్శ ఎప్పుడు పోయిందో ఆయన గమనించనే లేదు. గచ్చు మీద రక్తపు మరక చూసి భార్య కాశింబీ కేక పెడితే అప్పుడు కిందికి చూసుకున్నాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు కట్టి, మెత్తగానే చెప్పింది.

“మౌలాలి గారూ, పుండు ఇప్పటికి వేలి దగ్గరే ఉంది. షుగరు ఇలాగే ఉండి, బీడీ కూడా కాలుస్తుంటే రక్తం కిందికి అందదు. వేలు తీయాల్సి వస్తుంది. అక్కడితో ఆగకపోతే పాదం. రెండూ ఇవాళే మానేయండి. నెలాఖరుకి చూసి చెబుతాను.”

కాశింబీ కూరల బజారులో బేరమాడినట్టు, “ముందు బీడీ మానిపిస్తానమ్మా. అది కుదురుకున్నాక తీపి సంగతి చూద్దాం” అంది.

“పుండు అన్నాళ్ళు ఆగదమ్మా. యావ పుట్టినప్పుడు కాసేపు వేరే పనిలో పడమనండి. దానంతట అదే తగ్గుతుంది.”

నిలబడి, నడుస్తూ వాయించేది మా విద్య. పాదం లేని మౌలాలి ఊరేగింపులో ఎలా నడుస్తాడు? మేళానికి ఎవరు పిలుస్తారు? మళ్ళీ నాకు గోడా, మేకూ, సాలీడూ. ఆయన కాలి కోసం భయపడ్డానో నా కోసమో అడక్కండి. రెండూ ఒకటే.

ఆ రోజే బీడీ కట్ట పొయ్యిలోకి పోయింది. పంచదార డబ్బా పక్కింటికి పోయింది. మొదటి పూట మనిషి హుషారుగానే ఉన్నాడు. సాయంత్రానికి మొహం మాడిపోయింది. కాశింబీ ధైర్యం చెప్పబోయింది.

“రంజాన్ నెలంతా పగలు బీడీ ముట్టుకోవు కదయ్యా. మంచినీళ్ళు కూడా తాగవు. అట్టాగే అనుకో.”

“రోజా ఉంటే సాయంత్రం ఇఫ్తార్ ఉంటదే. ఎండ దిగేకొద్దీ మనసు నిమ్మళిస్తది. దీనికి ఇఫ్తార్ యాడుంది?”

దానికి జవాబు నా దగ్గర ఉంటే నేను చెప్పేదాన్ని.

ఒకటి మానేవాడికి రెండోది తోడుంటుంది. రెండూ మానినవాడికి ఒక యావ వెళ్ళి ఇంకో యావని పిలుచుకొస్తుంది. బీడీ గుర్తొచ్చి తల తిప్పుకుంటే నోరు తీపికి పీకేది. కాశింబీ అల్లం మజ్జిగ ఇస్తే అది తాగి, తాగగానే చెయ్యి జేబులో బీడీ వెతికేది. సోంపు నమిలాడు, దాల్చినచెక్క చప్పరించాడు, వేయించిన శనగలు తిన్నాడు. ఊరికే కసురుకునేవాడు. తలుపు గాలికి కొట్టుకున్నా దాన్ని తిట్టేవాడు. ఒకసారి మజ్జిగ గ్లాసు విసిరికొట్టి, వెంటనే తనే కూర్చుని ముక్కలు ఏరాడు. నాకు ఏడుపొచ్చింది. కానీ ఎవరో ఊదితే తప్ప నాకు ఏడవడం కుదరదు.

డాక్టరమ్మ చెప్పిన వేరే పని ఏదంటే, చివరికి నేనే. యావ పుట్టగానే అరుగు మీద కాలు చాపుకుని నన్నెత్తి ఒకే స్వరం పట్టి, ఊపిరి ఆగేదాకా లాగేవాడు. మళ్ళీ పీల్చి మళ్ళీ లాగేవాడు. యావ తగ్గేదాకా ఇంతే. రాగం లేదు, వేళ లేదు. వీధిలోవాళ్ళకి కొద్దిరోజుల్లోనే లెక్క అర్థమైపోయింది. సన్నాయి మోగితే, “పాపం, మౌలాలికి బీడీ గుర్తొచ్చిందే” అనుకునేవాళ్ళు. ఎక్కువసేపు మోగితే ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చునేవాళ్ళు.

నన్ను ఊదే వీలున్నచోట సరే. బస్సులో? ఆసుపత్రి వరండాలో? అక్కడే పొరపాటు మొదలైంది. నా మెడకి దారంతో కట్టి మారు పీకల గుత్తి ఒకటి వేలాడుతుంటుంది. ఒకటి చెడితే ఇంకొకటి వేసుకోవాలి కదా. మౌలాలి అందులోంచి ఒక పీక తీసి, ఊరికే పెదాల మధ్య పెట్టుకోవడం మొదలెట్టాడు. అచ్చం బీడీ పెట్టుకున్నట్టే. మొదట నేను సంబరపడ్డాను, సవతి స్థానం నాకే వచ్చిందని. తర్వాత కటుక్కుమన్న చప్పుడు వినబడింది. యావ కొద్దీ పీకని పళ్ళతో కొరికేస్తున్నాడు. రెల్లు సుకుమారం, పంటికి ఆగుతుందా? గుత్తి రోజురోజుకీ పలచబడింది. కొత్తవి చేయమని చెప్పి పంపితే అవి ఇంకా రాలేదు. ఇంతలో పెళ్ళి మేళం రానే వచ్చింది.

వెళ్ళొద్దంది కాశింబీ. “కూర్చుని వాయిస్తాలే” అని మౌలాలి బయల్దేరాడు. డోలు వాయించేది కాశింబీ తమ్ముడు సుభానీ. బస్సులో ఒక పీక పోయింది. పందిట్లో దిగేసరికి నాకున్నది ఒకే ఒక్కటి. ఇక ఆ పందిరి చూడాలి. ఎడమవైపు వంటల దగ్గర బూరెలు వేగుతున్నాయి. కుడివైపు మగపెళ్ళివారు సిగరెట్లు వెలిగించారు. ఎదురుగా ముత్తైదువలు జీలకర్రా బెల్లమూ కలిపి నూరుతున్నారు. ఈయన్ని ఇలా మూడు వైపులా చుట్టుముట్టమని ఎవరు చెప్పారో. ముహూర్తానికి ఇంకా టైముంది. మౌలాలి కళ్ళు ఆ బెల్లం ముద్దని వదలలేదు. నన్ను నోట పెట్టుకున్నాడు, ఊదలేదు. పెదాల మధ్య పీక తడిసి మెత్తబడింది. నేను లోలోపల అరుస్తూనే ఉన్నాను, వద్దయ్యా, వద్దయ్యా అని.

కటుక్కుమంది.

అదే క్షణాన పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అన్నాడు. తెర దిగింది. సుభానీ డోలు అందుకున్నాడు. మౌలాలి చీలిన పీకతోనే ఊదాడు. ఏం చెప్పమంటారు, బాతుని ఎవరో తొక్కినట్టు అరిచాను. వీడియో తీసేవాడు కెమెరా వదిలి మా వైపు చూశాడు. పెళ్ళికూతురి తల మీద జీలకర్రా బెల్లం పెడుతున్న పెళ్ళికొడుకు కూడా తిరిగి చూశాడు. నా బతుకులో అంత సిగ్గు ఎన్నడూ పడలేదు. మౌలాలి ఆపలేదు. మేళం పూర్తయ్యేదాకా అలాగే ఊదాడు, చెమటలు కారుతున్నా. ఆ గోలలో నాకు ఒకటి తెలిసింది. ఆ ఊపిరిలో పొగ లేదు, పాకం లేదు. ఇంత పొడుగు ఊపిరి ఈయన దగ్గర్నుంచి నాకు ఎప్పుడూ రాలేదు.

పెళ్ళికూతురి మేనమామ రుసరుసలాడుతూ వచ్చాడు. “ఏందయ్యా సాయిబూ, ఇది పెళ్ళా, తద్దినమా?”

“బీడీ మానేశానయ్యా, తీపి కూడా. కాలు తీసేస్తారంట. ఆపుకోలేక పీక కొరికేశా. తప్పయింది.”

ఆయన చొక్కా జేబులో సిగరెట్ పెట్టెని తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

మౌలాలి వంటల వెనక్కి వెళ్ళి బెంచీ మీద కూలబడ్డాడు. నన్ను ఒళ్ళో పెట్టుకున్నాడు. పీక లేని నేను మూగదాన్ని. వంటాయన జాలిపడి, వెలిగించిన బీడీ ఒకటి అందించాడు. “ఒక్క దమ్ము లాగు సాయిబూ, బాధ దిగుద్ది.” మౌలాలి తీసుకున్నాడు. అవును, తీసుకున్నాడు. వేళ్ళ మధ్య అది పొగలు కక్కుతోంది.

వెనకాలే వచ్చిన సుభానీ అది చూసి డోలు మెడలో ఉండగానే అక్కడే ఆగాడు.

“సుభానీ,” అన్నాడు మౌలాలి, తల ఎత్తకుండా, “డోలు వాయించరా. ఆపొద్దు.”

“ఇక్కడా బావా?”

“ఇక్కడే. నేను తాళం వేస్తా.”

సుభానీ మొదలెట్టాడు. తాళం వేయాలంటే అరచెయ్యి ఖాళీగా ఉండాలి. బీడీ పట్టుకుని తాళం పడదు. మౌలాలి దాన్ని నేల మీద పెట్టి తొడ మీద తాళం అందుకున్నాడు. సుభానీ వేగం పెంచాడు. బూరెలు వేయించేవాడు కూడా చిల్లుల గరిటెతో బాండీ అంచు మీద కొట్టడం మొదలెట్టాడు. పందిట్లోవాళ్ళు ఇదేదో కొత్త సంప్రదాయం కాబోలనుకున్నారు. బీడీ తనంతట తను కాలి ఆరిపోయింది.

నెలాఖరు వచ్చింది. ఆసుపత్రికి నన్ను కూడా తీసుకెళ్ళారు. ఆపరేషన్ అంటే మళ్ళీ ఎప్పుడు ముట్టుకుంటానోనని మౌలాలే నన్ను సంచిలో పెట్టించాడు. ఆయన్ని లోపలికి పిలిచారు. కాశింబీ నన్ను ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుంది. ఆమె గుండె దడ నా చెక్కకి తగులుతోంది. లోపల్నుంచి కత్తెర పళ్ళెంలో పెట్టిన చప్పుడు వచ్చింది. ఏదో ఒకటి అనరేం? ఒక నర్సు బయటికి వచ్చి, గబగబా వెళ్ళిపోయింది. కాశింబీ గొణుగుతూ దువా చదువుకుంటోంది. మాటలు తడబడుతున్నాయి.

తలుపు తెరుచుకుంది. మౌలాలి నడిచి వచ్చాడు. వెనకే డాక్టరమ్మ. “పుండు మానుతోంది. షుగరు దిగింది. వేలు తీయక్కర్లేదు. కానీ ఇక్కడితో వదిలేయకండి. ఇక ఎప్పటికీ ఇంతే.”

కాశింబీ నన్ను బెంచీ మీద పడేసి, అవును పడేసి, గేటు బయట కొట్టుకి పరుగెత్తింది. శుభవార్త వింటే నోరు తీపి చేయాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమెకి అదే తెలుసు. పాలకోవా పొట్లం విప్పుకుంటూ వచ్చి, కళ్ళ నీళ్ళతో, ముక్క తుంచి మౌలాలి నోటి దగ్గర పెట్టింది.

నేను కొయ్యబారిపోయాను. ఇన్నాళ్ళూ ఆయన్ని పట్టి ఉంచింది భయం. ఆ భయం ఇప్పుడే తలుపు దాటి వెళ్ళిపోయింది. వేలు దక్కింది, ఒక్క ముక్కకి ఏమవుతుంది? ఆ మాట ఆయన కళ్ళలో స్పష్టంగా కనిపించింది. పెదవులు విచ్చుకున్నాయి కూడా.

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె తన చేతిలోని ముక్క వంక చూసుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకి. “అల్లా, నా చేతులు పడిపోను” అని ఏడ్చేసింది.

“ఏడవబాకే,” అన్నాడు మౌలాలి, ఆ చేతిని మెల్లగా ఆమె నోటి వైపే తిప్పుతూ. “నువ్వు తిను. నేను చూస్తా.”

ఆమె ఏడుస్తూనే తింది. ఆఖరి పలుకు ఆమె మింగేదాకా ఆయన కళ్ళు తిప్పుకోలేదు, గుటక మాత్రం ఆయనా వేశాడు.