మంచిమడిలోకి నల్లి ఎలా వచ్చింది

నేను ఒక భూతద్దాన్ని. రూపాయి బిళ్లంత ఉంటాను, మడిచి జేబులో వేసుకోవచ్చు. అంబాలాలో నన్ను సానపట్టినవాడు పదిసార్లు వెలుతురుకి ఎత్తి చూసి, పదకొండోసారి కూడా అనుమానంగానే డబ్బాలో పెట్టాడు. తరవాత విజయవాడలో ఒక రత్నాల వ్యాపారి చేతిలో పడ్డాను. ఆయన సొంత భార్య ముక్కుపుడకని కూడా నా కింద పెట్టి చూసిన మనిషి. అలాంటివాళ్ల దగ్గర పెరిగినదాన్ని, ఎవరినైనా నమ్మడం నాకెలా అబ్బుతుంది?

మేనల్లుడు శేషఫణికి డాక్టరేటు వచ్చినప్పుడు ఆ వ్యాపారి నన్ను కానుకగా ఇచ్చేశాడు. శేషఫణి పల్నాడులో ఒక మిరప పరిశోధనా క్షేత్రంలో శాస్త్రవేత్త. నాకు నూలుతాడు కట్టి మెడలో వేసుకున్నాడు.

ఆయన పరిశోధన తెల్లనల్లి మీద. కంటికి ఆనని ఆ పురుగు ఆకు అడుగున చేరి రసం పీలిస్తే, ఆకు బోర్లించిన దోనెలా కిందికి ముడుచుకుంటుంది. అలాంటి మొక్క ఎండతో తన ఆహారం తయారుచేసుకోవడంలో ఎంత వెనకబడుతుందో తేల్చాలని ఆయన పంతం. అందుకే పొలానికి ఒక చివర నల్లిని కావాలని పెంచే నల్లిమడి, ఇంకో చివర ఒక్క నల్లి కూడా ఉండకూడని మంచిమడి. మంచిమడి చెడితే పోల్చి చూడటానికి ఏమీ మిగలదు, మూడేళ్ల పని మట్టిలో కలిసినట్టే.

రెండు మళ్లలోనూ ఆకులు తిప్పి, క్షేత్రంవాళ్లు ఇచ్చిన అద్దంతో నల్లిని లెక్కపెట్టేది మార్తమ్మ. పద్దెనిమిదేళ్లుగా ఆ పనే. పొద్దున్నే మంచిమడి చూసుకుని, తరవాతే నల్లిమడిలో దిగుతుంది, అటునుంచి నేరుగా ఇంటికి పోతుంది. ఒంటిని పట్టుకుని నల్లి మంచిమడికి రాకూడదని ఈ నియమం పెట్టింది శేషఫణే.

ఒకరోజు మంచిమడి లెక్కలో ఆమె ఐదు నల్లులు రాసింది.

"మంచిమడిలో నల్లి ఎక్కడిది? చెట్టుకింద కూర్చుని రాస్తున్నావా?" అన్నాడాయన.

"చూసిందే రాశా సారూ. లేందాన్ని ఉందని రాస్తే నాకేమొస్తది?"

ఆయన నమ్మలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు. మర్నాటి నుంచి నిఘా మొదలుపెట్టాం. ఆమె నల్లిమడిలో ఉండగా చప్పుడు కాకుండా వెనకాల చేరి, ఆమె తిప్పిన ఆకునే మళ్లీ తిప్పి చూసేవాళ్లం. లెక్క సరిపోయేది. అయినా తృప్తి లేక, అటునుంచి అటే గబగబా మంచిమడికి వచ్చి పొద్దుటి లెక్క కూడా తిరగతోడేవాళ్లం. అక్కడ మాత్రం ఆమె రాసినదానికన్నా ఎక్కువే తేలేవి. రెండు వారాల్లో ఐదు కాస్తా నలభై అయింది.

ఇక ఆయనకి సందేహమే లేకపోయింది. రిజిస్టరులో ఎర్రసిరాతో, 'మార్తమ్మ దొంగలెక్కలు రాసింది, మంచిమడిలో నల్లిని వదిలింది' అని రాసి, కూలీలందరి ముందూ చదివి ఆమెని పంపేశాడు. దొంగ దొరికిందని నేనూ సంతోషించాను.

ఆ తరవాత ఆయనే లెక్కపెట్టాడు. తొంభై. నూటముప్ఫై. అనుమానించడానికి పొలంలో ఇంకెవరూ మిగల్లేదు. పదోరోజున, పక్క చేలో పత్తి తీస్తున్న మార్తమ్మ దగ్గరికి వెళ్లి, "ఒక్కసారి వచ్చి చూడు," అని బతిమాలాడు.

ఆమె వచ్చింది గానీ మంచిమడిలో అడుగుపెట్టలేదు. గట్టు మీదే నిలబడి, "పొద్దున ముందుగా ఎందులో దిగారు సారూ?" అంది.

"నల్లిమడిలో..." అంటూనే ఆయన ఆగిపోయాడు.

"ఆ తాడు ఇటియ్యండి." నా తాడుని ఆయన చేతిలోని రిజిస్టరు నల్ల అట్టమీద నాలుగుసార్లు దులిపి, నన్ను ఆయనకిచ్చింది. "ఇప్పుడు చూడండి. మీ చొక్కా చేతులు గూడా దులపండి. నేను ఐదు రాసేదానికి ముందు, పెద్దసార్లు వచ్చిన్నాడు గూడా ముందు నల్లిమడి చూపిచ్చి ఇటు తీసకొచ్చారు."

అట్టమీద తెల్లని నలుసులు కదులుతున్నాయి. ఆకు మీదికి నన్ను దించినప్పుడల్లా ఆ తాడు ఆకుల్ని రాసుకుందని నాకు అప్పుడు తెలిసింది.

"రేపట్నుంచి పనిలోకి రా, మార్తమ్మా."

"వస్తా. ఎర్రసిరాతో రాసింది అందరి ముందర చదివారు గదా. దాన్ని కొట్టేసి, అది గూడా అందరి ముందర చదవండి."

మర్నాడు ఆయన చదివాడు. మొదటిసారి ఎవరికీ వినబడలేదు, రెండోసారి చదవాల్సి వచ్చింది. "మార్తమ్మ లెక్కలు సరైనవి. మంచిమడిలోకి నల్లిని తెచ్చింది నేను."

మంచిమడి మొక్కలన్నీ పీకి తగలబెట్టారు. మొదటి మొక్క ఆయనే పీకాడు. కళ్లు తుడుచుకుంటే పొగవల్ల అన్నాడు.

ఆయన చదివినదాంట్లో నా ఊసు లేదు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. మార్తమ్మ మాత్రం నా తాడు విప్పి మంటలో వేసింది. నన్ను అటూ ఇటూ తిప్పి అనుమానంగా చూసి, సబ్బునీళ్లలో ముంచింది.