శాలువా రంగు

మా అత్తయ్య మీద సినిమా తీద్దామన్న ఆలోచన నాదే. ఎవరూ నా పీక మీద కత్తి పెట్టలేదు. పైపెచ్చు అందరికన్నా ముందు మా ఆయనే వద్దన్నాడు.

“అమ్మ మీదా? నువ్వా? ఇంట్లో ఇప్పుడున్న గొడవలు చాలట్లేదా?” అన్నాడు.

నా సినిమాలకి సౌండు చూసేది ఆయనే. ఒకసారి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడంటే మైకులోంచి వచ్చే మాట తప్ప ఇంకెవరి మాటా ఎక్కదు. ముఖ్యంగా నాది.

మేం తీసేవి డాక్యుమెంటరీలు. బొమ్మలు వేసేవాళ్ళ మీద, తమ ఒంటినే కళగా చేసుకుని జనం ముందు నిలబడే పెర్ఫార్మెన్స్ ఆర్టిస్టుల మీద. అలాంటి ఒకాయన గదిలో నేల మీద కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉల్లిపాయలు కోశాడు. ఆయన కంట్లో చుక్క నీరు లేదు, అలవాటైపోయింది. కెమెరా వెనక నేనూ, మైకు పట్టుకుని మా ఆయనా వెక్కి వెక్కి ఏడ్చాం. చూడటానికి వచ్చినవాళ్ళు మేమే ప్రదర్శన అనుకుని మాకు చప్పట్లు కొట్టి పోయారు. ఇలాంటివాళ్ళ వెంట ఊళ్ళు పట్టుకు తిరుగుతూ, ఇంట్లో ఉన్న మనిషిని వదిలేయడం ఏమిటనిపించింది నాకు.

అత్తయ్య నిద్రపోయే మనుషుల్ని వేస్తుంది. బస్సు కిటికీకి తల ఆనించినవాణ్ణి, మంగలి కుర్చీలో గడ్డానికి సబ్బు నురగతోనే కునికేవాణ్ణి, ఆస్పత్రి వరండాలో చెప్పులు తలకింద పెట్టుకున్న తల్లిని. “మెలకువగా ఉన్నంతసేపూ మనుషులు నటిస్తూనే ఉంటారమ్మాయ్” అంటుంది. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ బొమ్మలన్నీ ఒకచోట పెట్టడానికి పెద్ద గ్యాలరీ ఒకటి ముందుకొచ్చింది. చివరి బొమ్మ ఒక్కటే మిగిలింది. గోడంత కాన్వాసు మీద రైల్వే వెయిటింగ్ రూము, బెంచీల నిండా నిద్రపోయే జనం, సరిగ్గా మధ్యలో ఒక ముసలావిడ, ఆవిడ భుజాల మీద ఇంకా రంగు వేయని శాలువా. ప్రదర్శనతోపాటే నా సినిమా కూడా వేద్దామని గ్యాలరీ మేడమ్ ముచ్చటపడింది.

అత్తయ్యకి ముక్కు మీద కోపం. నాకు అంతకన్నా కొంచెం ముందుకే ఉంటుంది. లైట్లు పెడితే, “ఇదేం నాటకాల కంపెనీనా?” అని కస్సుమంది. బ్రష్షు పట్టుకున్న చెయ్యి ఇంకోసారి పైకెత్తమంటే, “వేసిన గీత మళ్ళీ వేయమంటావేమిటి, అన్నం మారు వడ్డించడమా?” అంది. మా సినిమావాళ్ళకి ‘ఇంకోసారి’ అనేది ఊతపదం. ఆవిడకి ఆ మాట వింటే ఒళ్ళు మంట. అయినా పని సాగింది. ఇద్దరిలో ఎవరమూ పట్టిన పట్టు వదలలేదు గనకే సాగింది.

ఆవిడ పొద్దున్నే రంగులన్నీ కలిపి చిన్న చిన్న స్టీలు గిన్నెల్లో పోసి, పక్కనున్న పొడుగు బల్ల మీద వరసగా పెట్టుకుంటుంది. ఆ బల్ల జోలికి ఎవరూ వెళ్ళకూడదు. ఆ రోజు శాలువా వేసే రోజు. కెమెరాలోంచి చూస్తే ఒక గిన్నె అంచు మీద లైటు పడి తళుక్కుమని కొడుతోంది. అత్తయ్య చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. నేను గబగబా ఆ గిన్నెని అవతలి గిన్నె ఉన్న చోటికీ, అవతలి దాన్ని ఈ చోటికీ మార్చేశాను. మెరుపు పోయింది. మా పనిలో రోజూ చేసేదే ఇది. కుర్చీ జరుపుతాం, కూజా తిప్పుతాం, ఫ్రేము బాగుంటే చాలు.

అత్తయ్య వచ్చి నిలబడింది. చెయ్యి చాపి, బ్రష్షు ముంచి, పెద్ద పెద్ద దెబ్బలతో శాలువా వేసింది. ముదురు ఆకుపచ్చ. గోధుమ రంగు వెయిటింగ్ రూములో, బూడిద రంగు మనుషుల మధ్య, నిగనిగలాడే ఆకుపచ్చ.

“అత్తయ్యా! ఆ ఆకుపచ్చ అద్భుతం! ఎక్కణ్ణుంచి తట్టింది మీకు?” అన్నాను ఉండబట్టలేక.

ఆవిడ బ్రష్షు గాల్లోనే ఆగింది. “బావుందా?” అంది. “బావుంటే సరే.” అని బ్రష్షు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. నన్ను కసరకుండా వెళ్ళిపోయిందంటే పొగడ్త పనిచేసిందనుకుని మురిసిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం మా గదిలో కూర్చుని ఆ షూటింగంతా చూసుకుంటున్నాం. దగ్గర్నుంచి తీసిన షాటు వచ్చింది. అత్తయ్య కళ్ళు శాలువా వైపు లేవు. కాన్వాసు అంచు వైపు ఉన్నాయి. చెయ్యి మాత్రం చూడకుండానే గిన్నెలోకి వెళ్ళింది. బొమ్మ వేసేటప్పుడు ఆవిడ తనలో తాను గొణుక్కుంటుంది. ఆ గొణుగుడు మా ఆయన మైకులో చక్కగా పడింది: “ఎరుపు... చిక్కగా, వెచ్చగా ఎరుపు... ముసలిదానికి చలి వేయకూడదు...”

“వెనక్కి తిప్పు,” అన్నాను.

“ఏదో అనుకుంటుందిలే. అమ్మకి అలవాటేగా,” అన్నాడు మా ఆయన.

“ఎరుపు అంటూ ఆకుపచ్చ వేసింది. ఆ గిన్నె మార్చింది నేను. ఎదురుగా ఉన్న రంగు ఆవిడకి కనబడలేదు.”

ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

అత్తయ్య పెరటి కుళాయి దగ్గర బ్రష్షులకి సబ్బు రాస్తోంది. నాకు నాన్చడం చేతకాదు. “అత్తయ్యా, నిన్న శాలువా ఏ రంగు వేద్దామనుకున్నారు?” అని అడిగేశాను.

“వేసింది కనబడట్లేదా?”

“నాకు కనబడుతోంది. మీకు?”

కుళాయి కట్టేసి, అక్కడే గట్టు మీద కూర్చుంది. “ఎదురుగా ఉన్నదే పోయింది. మధ్యలో ఒక మసక. చుట్టూ ఆకారాలు పరవాలేదు, రంగులే ఆనవు; గిన్నె ఏ చోట ఉందో దాన్నిబట్టి వేస్తున్నాను. నీ మొహం కనబడాలంటే నీ చెవి పక్కకి చూడాలి.”

“ఇన్నాళ్ళూ నన్ను లెక్కచేయక అటు తిరిగి మాట్లాడుతున్నారనుకున్నాను.”

“అదీ ఉందిలే,” అంది.

గిన్నెలు మార్చింది నేనేనని ఒప్పుకున్నాను. డాక్టరు ఏమన్నాడని అడిగాను. పోయింది వెనక్కి రాదన్నాడట. మిగిలింది కూడా మెల్లగా పోతుందన్నాడట. “దానికి తొందరలేకపోతే నాకుంది. అది పోయేలోపల వేయాల్సినవి వేస్తాను,” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “ఆ ముక్క సినిమాలోంచి తీసెయ్. ఈ సంగతి బయటికి పొక్కిందంటే నా బొమ్మని బొమ్మలా ఒక్కడూ చూడడు. అయ్యో పాపం అని చూస్తాడు. కళ్ళు బాగున్నప్పుడు వేసినవి కూడా అందులో కలిపేస్తారు. జీవితమంతా చేసిన పని ఆ ఒక్క మాట కింద పడి నలిగిపోతుందే!”

“తీసేస్తే నా సినిమా అబద్ధమవుతుంది, అత్తయ్యా.”

“అయితే అవనీ.”

“అవనివ్వను.”

“కళ్ళు నావి.”

“కెమెరా నాది.”

ఆ మాట అన్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ తెలిసి తెలిసీ బొంకే సినిమా తీయడం నా వల్ల కాదు. ఆ సాయంత్రమంతా ఇద్దరం మా ఆయన ద్వారానే మాట్లాడుకున్నాం. “మీ ఆవిడతో చెప్పు,” “మీ అమ్మతో చెప్పు.” ఆయన కాసేపు చూసి, మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గ్యాలరీ మేడమ్ ఊడిపడింది. మంచిదే, బొమ్మలంటే ప్రాణం, కాకపోతే మాట్లాడటం మొదలుపెడితే ఆపడం కష్టం. కాన్వాసు ముందు నిలబడి గుండెల మీద చెయ్యి వేసుకుంది. “ఈ ఆకుపచ్చ! మోడులోంచి చిగురు! పోస్టరు మీద ఇదే వేస్తాం. అమ్మగారూ, ఎందుకు ఆకుపచ్చ వేయాలనిపించిందో కెమెరా ముందు నాలుగు మాటలు చెప్పండి.”

నేను కెమెరా ఆన్ చేశాను. అత్తయ్య ఏం చెప్పినా చెల్లుతుంది. ప్రకృతి అనొచ్చు, ఆశ అనొచ్చు. మేడమ్ రాసుకుంటుంది, జనం తలలూపుతారు, రహస్యం రహస్యంగానే ఉంటుంది. నేను కూడా నోరు మూసుకుని ఆ అబద్ధాన్ని తీస్తూ నిలబడాలి. అప్పుడేం చేస్తానో నాకే తెలియలేదు.

“చిగురూ లేదు, మోడూ లేదమ్మా,” అంది అత్తయ్య. “నేను ఎరుపు వేద్దామనుకున్నాను. గిన్నెలు మారిపోయాయి. నాకు తేడా కనబడలేదు. నా చూపు పోతోంది.”

మా ఆయన మైకు ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

“నేను వేయని రంగుకి నన్ను మెచ్చుకుంటున్నారు,” అంది అత్తయ్య. “ఇప్పుడు ఊరుకున్నాననుకోండి, రేపట్నుంచి మీ పొగడ్తకి తగ్గట్టు బొమ్మలు వేసుకుంటూ కూర్చోవాలి. అంత ఓపిక నాకు లేదు.”

మేడమ్ ముందు కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ఆ కళ్ళే మెరిశాయి. “అమ్మగారూ, ఇంతకన్నా గొప్ప కథ ఏముంటుంది? గుమ్మంలోనే పెద్ద అక్షరాలతో రాద్దాం. జనం విరగబడతారు. ఆకుపచ్చని మాత్రం కదపొద్దు, ఆ పొరపాటే అసలు కళ!”

“అమ్మాయ్,” అంది అత్తయ్య నా వైపు తిరగకుండానే, “రంగు గీకే కత్తి ఇవ్వు.”

ఇచ్చాను. నూనె రంగు, ఇంకా తడిగానే ఉంది. మేడమ్ అయ్యయ్యో అంటూనే ఉంది, అత్తయ్య ఎడమచేతి వేళ్ళతో శాలువా అంచు తడుముకుంటూ కుడిచేత్తో ఆకుపచ్చనంతా గీకేసింది. ఎక్కడా గీత దాటలేదు. అంచు దాకా గీకి, గుడ్డతో తుడిచి, చెయ్యి చాపింది.

“మొన్న ఎర్ర గిన్నె ఎక్కడ పెట్టి చచ్చావు?”

“బల్ల చివర, మీ చేతికి దగ్గర్లోనే అత్తయ్యా.”

బ్రష్షు ముంచింది. ముంచి ఆగింది. మా పెళ్ళయినప్పట్నుంచి ఆ రోజు దాకా ఆవిడ ఎవరినీ ఏదీ అడగడం నేను చూడలేదు. ఉప్పు కావాలన్నా తనే లేచి వెళ్ళే మనిషి.

“ఇది ఎరుపేనా?” అని అడిగింది.

“ఎరుపే,” అన్నాను. ముక్కు చీదుకున్నాను.

“అయితే ఏడవకు, ఫ్రేము కదులుతుంది. కెమెరా ఆపకు.”

ఆపలేదు. శాలువా అంతా అయ్యాక, చేతులు తుడుచుకుంటూ మేడమ్‌తో బేరం పెట్టింది. చూపు సంగతి గోడ మీద రాయకూడదు, పోస్టరు మీద రాయకూడదు, ఆహ్వానపత్రాల్లో రాయకూడదు. ముందు గదుల్లో బొమ్మలు. ఆఖరి గదిలో సినిమా. “సినిమాలో అన్నీ ఉంటాయి. గిన్నెలు, గీకడం, మా కోడలి ఏడుపు, ఏదీ దాచం. కానీ ముందు బొమ్మ చూడాలి. బాగోలేదనుకునేవాడు బాగోలేదనే అనుకోవాలి. ఆ తర్వాతే నా కళ్ళ సంగతి.”

నాకు తట్టని దారి అది. ఆవిడ అబద్ధమాడక్కర్లేదు, నేనూ ఆడక్కర్లేదు.

“అలా అయితే జనం రారేమోనండీ,” అని మేడమ్ నసిగింది.

“రాకపోతే మానె. గోడలు మా ఇంట్లోనూ ఉన్నాయి.”

మేడమ్ మొహం మాడ్చుకుని వెళ్ళింది. సాయంత్రం నాకు ఫోన్ చేసి, సరేనంది. “మీ అత్తగారు జగమొండి,” అని కూడా అంది. “ఇంట్లో ఇంకొకరు కూడా ఉన్నారు, జాగ్రత్త,” అన్నాను.

ప్రదర్శన మొదలైన రోజు అత్తయ్య వెయిటింగ్ రూము బొమ్మ ఉన్న గదిలో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎవరికీ ఆవిడ ఎవరో చెప్పొద్దంది. జనం మరీ ఎక్కువ రాలేదు, మరీ తక్కువా రాలేదు. ఒకావిడ ఆస్పత్రి బొమ్మలో కాళ్ళు పొట్టిగా వచ్చాయని వాళ్ళాయనకి చూపించింది. “నిజమే, అప్పట్లో నాకు కాళ్ళు వచ్చేవి కావు,” అంది అత్తయ్య నా చెవిలో, తెగ సంబరపడిపోతూ. పలచటి గడ్డం ఉన్న ఒకాయన ఎర్ర శాలువా ముందు చాలాసేపు నిలబడి, తల అడ్డంగా ఊపి, పక్కాయనతో ఏదో గొణిగి, సినిమా గదిలోకి వెళ్ళాడు.

సినిమా అయింది. తలుపు తెరుచుకుంది. బయటికి వచ్చినవాళ్ళు అత్తయ్యని గుర్తుపట్టి మెల్లగా చుట్టూ చేరారు. కొందరి కళ్ళు తడిగా ఉన్నాయి. ఒకావిడ వంగి అత్తయ్య చెయ్యి నిమిరింది, ఒంట్లో బాగోలేనివాళ్ళ చెయ్యి నిమిరినట్టు. అత్తయ్య మొహం గట్టిపడటం చూశాను. ఇంతా చేసి చివరికి అదే అయిందా అనుకున్నాను.

అప్పుడు ఆ గడ్డం ఆయన జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు. “నమస్కారమండీ. సినిమా చూశాను. అంతా విన్నాను.” గడ్డం గోక్కున్నాడు. “అయినా సరే, ఆ ఎరుపు ఎక్కువైందండీ.”

చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్ని కొట్టేసేలా చూశారు. అత్తయ్య మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆవిడ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. మా పెళ్ళిలో అయితే అసలే చూడలేదు.

“ఎక్కడ ఎక్కువైంది? భుజం దగ్గరా, కింద మడత దగ్గరా? ఊరికే ఓ మాట అనేసి పోతానంటే కుదరదు, నడవండి, చూపించండి,” అంటూ ఆయన మోచెయ్యి దొరకబుచ్చుకుని, దారిలోనే వాదన మొదలుపెట్టి, ఎర్ర శాలువా దగ్గరికి లాక్కుపోయింది.